ఆట తెరకెక్కే వేళ

మన సంస్థలో పనిచేసే ఇంజనీర్లకు ఢిల్లీ మహానగరంలో రెండు చోట్లు సుపరిచితాలు. మొదటిది లోధీ రోడ్డులోని స్కోప్ కాంప్లెక్స్. ప్రభుత్వ రంగ సంస్థల కార్యాలయాలు కొలువుతీరిన ఆ భవన సముదాయానికి సమావేశాల నిమిత్తమో, ఫైళ్ల నిమిత్తమో వెళ్లిరాని అధికారి అరుదు. రెండవది జియా సరాయ్. ఐఐటీ ప్రాంగణానికి ఆనుకొని, నగరం నాలుగు వైపులా పెరిగిపోగా నడుమ చిక్కుకున్న చిన్న పల్లె అది. గేట్ పరీక్షకు, ఇంజనీరింగ్ సర్వీసుల పరీక్షకు చదువుకొనేవారికి ఆ పేరు కంఠస్థం. మన విభాగాల్లో కొత్తగా చేరిన యువ ఇంజనీర్లను అడిగి చూడండి. అక్కడి ఇరుకు గదుల్లో ఏడాదో, రెండేళ్లో గడిపివచ్చినవారు కొందరైనా కనిపిస్తారు.

గత శీతకాలంలో ఒక సమావేశం పని మీద విశాఖపట్నం నుంచి ఏ.పీ. ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ వెళ్లాను. పని ముగిసిన సాయంత్రం జియా సరాయ్‌కి బయలుదేరాను. మా అబ్బాయి మెకానికల్ ఇంజనీరింగులో పట్టభద్రుడు. మొదటిసారి గేట్ రాసి, ఆశించిన ర్యాంకు రాక, రెండవ ప్రయత్నం కోసం అక్కడ మకాం పెట్టాడు. వీధి మొదలు నుంచి చివర వరకు పాత పుస్తకాల దుకాణాలు, జిరాక్సు యంత్రాల చప్పుడు, చుట్టలు కట్టి అమ్మే నోట్సులు. రెండు మంచాలు పడితే నిండిపోయే గది. కిటికీలోంచి చేయి చాపితే పొరుగింటి గోడ అందుతుంది.

తలుపు తోసేసరికి వాడూ, కరీంనగర్ నుంచి వచ్చిన వాడి గదిమిత్రుడూ ల్యాప్‌టాప్ ముందు కూర్చొని ఉన్నారు. తెర మీద ఒక రాకుమారుడు గోడల మీద అడ్డంగా పరుగెత్తుతున్నాడు.

"పరీక్షకు ఆరు వారాలు కూడా లేదు. చదువంటే ఇదేనా?" అన్నాను.

"పది నిమిషాల విరామం, నాన్నగారూ" అన్నాడు మావాడు, తెర మీదనుంచి చూపు తిప్పకుండానే. ఆ మిత్రుడు మాత్రం చప్పున లేచి, "నమస్తే అంకుల్, కూర్చోండి" అంటూ ఉన్న ఒక్క కుర్చీ నా వైపు జరిపి, టీ తెస్తానని కిందికి వెళ్లాడు.

నేను కూర్చోలేదు. కుర్రవాడి భుజం మీదుగా తెరనే చూస్తూ నిలబడిపోయాను. కారణం, ఆ రాకుమారుడు నాకు కొత్తవాడు కాడు.

పాత పరిచయం

ఆ ఆట పేరు ప్రిన్స్ ఆఫ్ పర్షియా. 1989లో జోర్డన్ మెక్నర్ అనే యువకుడు యాపిల్-2 కంప్యూటరు కోసం దానిని రూపొందించాడు. మరుసటి సంవత్సరం అది డాస్ కంప్యూటర్లకు వచ్చింది. 1990ల తొలి సంవత్సరాల్లో నేను ఉద్యోగంలో చేరేనాటికి మన దేశంలో అనేక కార్యాలయాల కంప్యూటర్లలోకి ఫ్లాపీల ద్వారా అది రహస్యంగా ప్రవేశించి ఉన్నది. మా కంప్యూటర్ గదిలోని 386 యంత్రమూ అందుకు మినహాయింపు కాదు. మధ్యాహ్న భోజన విరామంలో ఆ యంత్రం చుట్టూ మూగినవారిలో నేనూ ఒకణ్ణని ఇన్నేళ్ల తరువాత ఒప్పుకోవడానికి సంకోచం లేదు.

కథ చిన్నది. దుష్టుడైన మంత్రి రాకుమారిని బంధించి గంట గడువు పెడతాడు. చెరసాలలో పడిన నాయకుడు అరవై నిమిషాల్లో మేడలు, ఉచ్చులు, కత్తులు దాటి ఆమెను చేరాలి. ఆకర్షణ అంతా ఆ మనిషి కదలికలో ఉన్నది. మెక్నర్ తన తమ్ముడిని పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ చిత్రాలను ఒక్కొక్కటిగా గుర్తించి తెర మీదకు ఎక్కించాడు. కత్తి యుద్ధానికి 1938 నాటి రాబిన్ హుడ్ చలనచిత్రంలోని ద్వంద్వ యుద్ధం ఆధారమైనది. అనగా ఈ ఆట పుట్టుకలోనే సినిమా ఉన్నది. అది తిరిగి సినిమా కావడం సులభమని ఎవరైనా అనుకుంటారు.

అలా జరగలేదు. ఆటలను సినిమాలుగా మలచే ప్రయత్నాలకు ముప్పై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. 1993లో సూపర్ మారియో బ్రదర్స్ ఆటను నటీనటులతో తీశారు. పుట్టగొడుగులు, రంగురంగుల మేఘాల లోకాన్ని చీకటి నగరంగా మార్చేసిన ఆ చిత్రం ఘోరంగా విఫలమైనది. అదే ఆట 2023లో యానిమేషన్ చిత్రంగా వచ్చి ప్రపంచవ్యాప్తంగా 130 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. 2016లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ చిత్రం సుమారు 44 కోట్ల డాలర్లు గడించినా, అందులో దాదాపు సగం ఒక్క చైనా నుంచే వచ్చింది. తయారైన దేశంలో ఆదరణ స్వల్పం. ఇక మన రాకుమారుడు 2010లో మైక్ న్యూవెల్ దర్శకత్వంలో వెండితెర మీదకు వచ్చాడు. మూల కథకుడు మెక్నరే. నిర్మాణ వ్యయానికి కొదవ లేదు. అయినా దానికి రెండవ భాగం రాలేదు.

"ఇప్పుడు జెల్డాను తీస్తున్నారు, నాన్నగారూ. మేము వాదించుకుంటున్నది దాని గురించే" అన్నాడు మా అబ్బాయి.

ది లెజెండ్ ఆఫ్ జెల్డా జపాను దేశపు నింటెండో సంస్థ 1986లో ప్రారంభించిన ఆటల పరంపర. దాని సృష్టికర్తలలో ముఖ్యుడు షిగెరు మియామోతో. బాల్యంలో కొండలు, గుహలు వెదుకుతూ తిరిగిన అనుభవమే ఈ ఆటకు మూలమని ఆయన చెప్పుకున్నాడు. దీనిని నటీనటులతో చలనచిత్రంగా తీయనున్నట్లు 2023 నవంబరులో ప్రకటించారు. దర్శకుడు వెస్ బాల్. విడుదల 2027లో అని తరువాత తెలిపారు. చిక్కు ఏమిటంటే, ఇందులోని నాయకుడు లింక్ మాట్లాడడు. ఇన్నేళ్లుగా ఆడేవారే వాడి మాట, వాడి మనసు. వాడి పేరుకు అర్థమే లంకె. ఆటకూ, ఆడేవాడికీ మధ్య వాడొక వంతెన. తెర మీద ఒక నటుడు ఆ వేషం కట్టి నోరు విప్పగానే వంతెన తెగిపోతుందని మావాడి వాదన. మౌనంగా ఉంచితే రెండు గంటలు ఎవరు చూస్తారని వాడి మిత్రుని ప్రశ్న.

మోటారు చెప్పే పాఠం

టీ తాగుతూ ఆలోచించాను. మన కర్మాగారాల్లో విదేశీ యంత్రాలతో పనిచేసినవారికి ఒక అనుభవం ఉంటుంది. అమెరికాలో 60 హెర్ట్జ్ విద్యుత్తుకు తయారైన మోటారును మన 50 హెర్ట్జ్ సరఫరాకు కలపవలసి వస్తుంది. నాలుగు ధ్రువాల మోటారైతే దాని సమకాలిక వేగం నిమిషానికి 1800 భ్రమణాల నుంచి 1500కు తగ్గుతుంది. అది 460 వోల్టుల మోటారు గదా అని ఆ 460 వోల్టులే యథాతథంగా ఇస్తే అయస్కాంత అభివాహం పెరిగి, ఇనుప కోర్ సంతృప్తమై, మోటారు వేడెక్కుతుంది. వోల్టేజిని కూడా అదే పాళ్లలో సుమారు 383కు తగ్గించాలి. అనగా ఇక్కడ కాపాడవలసింది వోల్టేజిని కాదు, వోల్టేజికీ ఫ్రీక్వెన్సీకీ ఉన్న నిష్పత్తిని.

ఆటకూ సినిమాకూ సరఫరాలు వేరు. ఆటకు ఇరవై గంటలో, వంద గంటలో ఇస్తాము. సినిమాకు రెండున్నర గంటలు. ఆటలో గోతిలో పడితే ఆడేవాడు మొదటికి వస్తాడు. పడిన ప్రతిసారీ కొంత కాలం, కొంత సహనం చెల్లిస్తాడు. చివరకు దాటినప్పుడు కలిగే ఆనందం ఆ చెల్లింపుకు తగినంత ఉంటుంది. సినిమా చూసేవాడు టిక్కెట్టు ధర తప్ప మరేమీ చెల్లించడు. కనుక వానికి బదులుగా తెర మీది మనిషి చెల్లించాలి. ఆపదకూ, దానికి ఇచ్చుకొనే మూల్యానికీ ఉన్న నిష్పత్తి చెడిపోతే ఎన్ని సంఘటనలను ఆటలోనుంచి యథాతథంగా దించినా ఫలితం వేడే తప్ప వేగం కాదు.

ఆ 2010 చిత్రం ఇందుకు తార్కాణం. దానికి ఆధారం 2003లో వచ్చిన ది శాండ్స్ ఆఫ్ టైమ్ అనే ఆట. మావాడి తెర మీద ఉన్నదీ అదే. అందులో నాయకుని చేతికి కాలాన్ని వెనక్కు తిప్పే బాకు దొరుకుతుంది. దూకుడు గురి తప్పి పడిపోతే ఒక మీట నొక్కి, కొన్ని క్షణాలు వెనక్కు తిప్పి మళ్లీ దూకవచ్చు. అయితే బాకులోని ఇసుక పరిమితం. తిప్పినకొద్దీ తరుగుతుంది. ఇసుక అయిపోతే దిక్కులేదు. అటువంటప్పుడు నాయకుడు మరణిస్తే, కథ చెబుతున్న అతని గొంతే జోక్యం చేసుకొని తాను పొరపాటు చెప్పానని, కథ అలా జరగలేదని సర్దుకుంటుంది. ఎంత చక్కని ఏర్పాటు! మరణం కూడా కథకుని నాలుక తొట్రుపాటు అయిపోయింది.

సినిమాలో ఆ బాకు ఉన్నది గాని, ఇసుక లెక్క మనది కాదు. కథాంతంలో కాలం మొత్తం వెనక్కు తిరుగుతుంది. చనిపోయిన తండ్రి, అన్నదమ్ములు బతికి వస్తారు. జరిగినదంతా జరగకుండా పోతుంది. ఆటలో కూడా చివరకు కాలం వెనక్కే తిరుగుతుంది. కాని అక్కడ ఆడేవాని శ్రమ వాని వేళ్లలో మిగిలి ఉంటుంది. సినిమా చూసినవానికి ఆ మిగులు లేదు. రెండు గంటలపాటు చూసిన కష్టం రద్దు కావడం చూసి ఇంటికి వెళ్తాడు.

కాశీ మజిలీలు

ఇటువంటి సమస్యను మన తెలుగువారు డెబ్బై ఏళ్ల క్రితమే ఎదుర్కొన్నారని చెప్పినప్పుడు కుర్రవాళ్లిద్దరూ నవ్వారు. కాని పాతాళ భైరవి సంగతి ఎత్తగానే శ్రద్ధగా విన్నారు.

మధిర సుబ్బన్న దీక్షిత కవి కాశీ మజిలీ కథల నిర్మాణం ఎరిగినవారికి ఈ ఆటల పద్ధతి వింతగా తోచదు. మణిసిద్ధుడనే యతి ఒక గోపకుమారుణ్ణి వెంటబెట్టుకొని కాశీకి నడుస్తాడు. మజిలీ మజిలీకీ ఆ పిల్లవాడు ఏదో ఒక వింత చూసి దాని కథ అడుగుతాడు. యతి చెప్పాలి. కథలో నుంచి కథ పుడుతుంది. రాక్షసులు, శాపాలు, గుహలు, మణులు, వరాలు. నేటి ఆటల్లో దశల వారీగా సాగే ప్రయాణం ఇదే. సంపుటాల తరబడి సాగిన ఈ కథలు తరాలపాటు తెలుగు ఇళ్లలో చదివించుకున్నాయి.

ఆ కథల నుంచి, అల్లావుద్దీన్ అద్భుత దీపం కథ నుంచి ప్రేరణ పొంది విజయా సంస్థ 1951లో పాతాళ భైరవి నిర్మించింది. పింగళి నాగేంద్రరావు రచన, కె.వి. రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణం. తోట రాముడుగా ఎన్.టి. రామారావు, నేపాళ మాంత్రికుడుగా ఎస్.వి. రంగారావు. 1952 జనవరిలో బొంబాయిలో జరిగిన మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైన ఏకైక దక్షిణాది చిత్రం అది.

మజిలీల కథ నుంచి వారు ఎన్ని వింతలు తీసుకున్నారన్నది ముఖ్యం కాదు. ఎన్ని వదిలారన్నదే ముఖ్యం. కోరినదెల్లా ఇచ్చే విగ్రహం ఒక్కటి. దానిని సంపాదించిన రాముడికి మేడలు, సిరిసంపదలు, రాకుమారి అన్నీ సమకూరుతాయి. కథ అక్కడ ముగిస్తే అది బాకు కథ వంటిదే అయ్యేది. అక్కడే విగ్రహం చేజారుతుంది. రాకుమారితో సహా అన్నీ ఒక్క పెట్టున మాయమవుతాయి. ఇక రాముడికి మిగిలినవి తన కాళ్లు, చేతులు, అంజి అనే మిత్రుడు. వరం పోయిన తరువాత మనిషి ఏమి చేస్తాడన్నదే రెండవ సగం. ప్రేక్షకుడు చెల్లించలేని మూల్యాన్ని తోట రాముడు చెల్లించాడు. నిష్పత్తి నిలిచింది. ఆ చిత్రం ఇన్నేళ్లుగా నిలిచి ఉన్నది.

నీడతో యుద్ధం

"అయితే, నాన్నగారూ, ఆటలో ఉండి సినిమాకు ఎప్పటికీ రానిది ఏమీ లేదంటారా?" అని అడిగాడు మా అబ్బాయి.

ఉన్నది. దాని గురించే ఆ పాత 386 యంత్రం నాకు నేర్పింది. మెక్నర్ వాడిన యాపిల్ యంత్రపు జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు. రాకుమారుని కదలికల చిత్రాలకే అది నిండిపోవచ్చింది. మరొక శత్రువు బొమ్మలకు చోటు లేదు. అప్పుడతడు ఉన్న రాకుమారుని బొమ్మలనే గణిత ప్రక్రియతో కాస్త జరిపి, రంగు తారుమారు చేసి ఒక నీడ మనిషిని సృష్టించాడు. రాకుమారుడు ఒక అద్దంలోనుంచి దూకినప్పుడు ఈ నీడ విడివడుతుంది. తరువాత అతని మందు తాగేస్తుంది, అతని దారికి తలుపు మూస్తుంది. చివరి దశల్లో కత్తి దూసి ఎదుట నిలుస్తుంది. దాని మీద వేసిన ప్రతి దెబ్బకూ రాకుమారుని ప్రాణమే తగ్గుతుంది.

ఆ ఘట్టంలో నేను రోజుల తరబడి ఓడిపోయాను. మా డ్రాయింగ్ విభాగంలో పదవీ విరమణకు దగ్గరపడిన పెద్దాయన ఒకరు, కంప్యూటరు మీట ఏనాడూ తాకనివారు, ఒక మధ్యాహ్నం నా వెనుక నిలబడి టిఫిను తింటూ చూశారు. కాసేపటికి, "వాడు నువ్వేనోయ్. కత్తి దించు" అన్నారు.

కత్తి ఒరలో పెట్టాను. నీడ కూడా పెట్టేసింది. రెండు రూపాలూ ఎదురుగా నడిచివచ్చి ఒకటైపోయాయి. దారి తెరుచుకున్నది.

ఈ సంగతి చెప్పి అబ్బాయితో ఇలా అన్నాను: "కత్తి దించే నిర్ణయం ఆడేవానిది. సినిమాలో నటుడు దించుతాడు, మనం చూస్తాము. ఆ నిర్ణయపు బరువు తెరకు రాదు. కాని వెనుక నిలబడి చూసినవాడికి తెలిసినది మీట నొక్కుతున్న నాకు తెలియలేదు. నా చేతులు ఖాళీగా లేవు కనుక. సినిమా ఇవ్వగలిగినది అదే. చేతులు ఖాళీ చేసి, చూపు ఇస్తుంది. చూసేవానికి మాత్రమే తెలిసేది ఒకటి ఆ కథలో ఉంటే జెల్డా సినిమా నిలుస్తుంది. లేకపోతే ఎన్ని కోట్లు పోసినా మారియో గతే."

ఆటను మూసివేసి వాడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత నేల చూస్తూ అన్నాడు: "ఈసారి రాకపోతే మళ్లీ రాయను, నాన్నగారూ. హైదరాబాదు వెళ్లి విజువల్ ఎఫెక్ట్స్ పని నేర్చుకుంటాను. ఈగకు, బాహుబలికి జాతీయ బహుమతులు తెచ్చిన పని మనవాళ్లదే కదా."

నాకు కోపం వచ్చింది. దాచడం ఎందుకు? ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ రంగంలో పనిచేసి, ఆ ఉద్యోగంతోనే ఇల్లు కట్టి, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసినవాణ్ణి. గేట్ అంటే మూడు గంటలు, అరవై అయిదు ప్రశ్నలు, వంద మార్కులు. అది దాటితే జీవితం గట్టెక్కుతుందని నా లెక్క. "జీవితంలో తప్పటడుగు పడితే వెనక్కు తిప్పే బాకు ఎవరి దగ్గరా లేదు" అన్నాను గట్టిగానే.

"అందుకే కదా భయం" అన్నాడు వాడు. "తప్పు జవాబు పెడితే మార్కు కోస్తారు. ఖాళీగా వదిలితే ఏమీ కోయరు. ఏడాదిగా నేను ఖాళీగా వదలడమే నేర్చుకున్నాను."

ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. మా అబ్బాయి ముఖంలో నా ముఖమే కనిపించింది. ఆ వయసులో మా నాన్నగారి ఎదుట నేనూ అలాగే నేల చూస్తూ నిలబడినవాణ్ణి. ఇంకా నాలుగు మాటలు నాలుక చివర ఉన్నాయి. డ్రాయింగ్ విభాగపు పెద్దాయన జ్ఞాపకం వచ్చారు. ఆ నాలుగు మాటలూ అనలేదు.

"ఈ ఆరు వారాలు ఖాళీలు వదలకుండా రాయి. ఫలితం ఏదైనా తరువాత ఇద్దరం కూర్చొని మాట్లాడుకుందాము. హైదరాబాదు సంగతి కూడా" అన్నాను.

వాడు తలెత్తి చూశాడు. గదిమిత్రుడు గ్లాసులు తీసుకొనే నెపంతో బయటకు వెళ్లిపోయాడు.

సరాయ్ అనగా బాటసారులు రాత్రి తలదాచుకొనే సత్రం. కాశీకి పోయే దారిలో మజిలీ వంటిది. అక్కడ ఎవరూ శాశ్వతంగా ఉండరు. అక్కడి నుంచి ఎటు పోవాలన్నది నడిచేవాడు తేల్చుకోవలసినదే. వెంట నడిచే పెద్దవాడు చేయగలిగినది, పిల్లవాడు అడిగినప్పుడు తెలిసిన కథ చెప్పడం. ఈ మాట నాకంటె ముందు మణిసిద్ధునికి తెలుసు.

మన సంస్థలో నా వలెనే పిల్లలను జియా సరాయ్‌కో, మరొక ఊరికో పంపి, ఫోనులో ర్యాంకుల మాట తప్ప మరొకటి మాట్లాడని మిత్రులు ఎందరో ఉన్నారు. వారికి ఒక మనవి. ఈసారి వెళ్లినప్పుడు పది నిమిషాలు వారి భుజం వెనుక నిలబడి, వారు ఆడే ఆట ఏమిటో చూడండి. మందలింపు తరువాత చేయవచ్చు.

మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. జెల్డా చిత్రం వచ్చినప్పుడు వాడు ఎక్కడ ఉద్యోగం చేస్తున్నా, నేను ఎక్కడ ఉన్నా, కలిసే చూడాలి. లింక్ నోరు విప్పుతాడా లేదా అన్న విషయంలో వాడికీ నాకూ పందెం ఉన్నది. నేను విప్పడనే అన్నాను.